యంత్రానికి సిగ్గుండదు

ఇలోయిలో,
సెప్టెంబరు మొదటి వారం.

మానాంగ్ సెల్డాకి,

నీ చెల్లి లోర్నా రాస్తున్నది. ముందు ఒక సంగతి తేల్చు. నీ ఫోను ఇంకా బాగుపడలేదా? జూన్ నుంచీ అది మూగబోయే ఉంది. అంత పెద్ద కౌలాలంపూర్‌లో ఒక్క ఫోను బాగుచేసేవాడు దొరకలేదంటే ఎవరు నమ్ముతారు? చర్చి చిరునామాకి రాస్తే ఆదివారం ఒఫెలియా తెచ్చి ఇస్తుందన్నావు గనక రాస్తున్నాను. మీ బిల్డింగులోనే కింది అంతస్తులో పనిచేసే స్నేహితురాలు దొరకడం నీ అదృష్టం. ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో, స్టాంపు తిరగేసి అంటించాను.

నాకు ఉద్యోగం వచ్చింది. "మా చిన్నది యూనివర్సిటీలో కంప్యూటర్ తయారు చేస్తోంది" అని అమ్మ చేపల బజారంతా చాటింపు వేసింది. నిజం నీకొక్కదానికే చెబుతున్నాను, పెదవి దాటనీయకు. నేను కంప్యూటర్ తయారు చేయడం లేదు. నేనే కంప్యూటర్ని.

నవ్వకు, పూర్తిగా చదువు. మా ప్రొఫెసర్ విల్యాఫ్లోర్ గారు మనుషులు యంత్రాలతో ఎలా మసులుకుంటారో పరిశోధిస్తారు. నీలా పరాయి దేశాల్లో ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళు ఏ చిక్కొచ్చినా ఫోన్లో అడిగితే జవాబు చెప్పే యంత్రం ఒకటి చేయాలని ఆయన ఆలోచన. చేసేముందు, అలాంటిది ఉంటే మనవాళ్ళు దాన్ని ఏం అడుగుతారో తెలియాలి కదా. అందుకని యంత్రం ఉన్నట్టు నటించాలి. వాళ్ళు అక్కడ ఫోన్లో అడుగుతారు, ఇక్కడ తలుపు మూసిన గదిలో కూర్చుని నేను జవాబు టైపు చేస్తాను. వాళ్ళు యంత్రమే చెప్పిందనుకుంటారు. పరిశోధన అయ్యాక నిజం చెప్పేసి, ఒప్పుకున్న వాళ్ళ మాటలే వాడుకుంటారట. ఈ రంగంలో ఇది పాత పద్ధతేనట, తప్పేమీ లేదట. నాకు మాత్రం చర్చిలో ఫాదర్ లేనప్పుడు ఆయన కుర్చీలో దూరి ఊరివాళ్ళ పాపాలు వింటున్నట్టుంది.

యంత్రం పేరు 'మానాంగ్'. అక్కా అని పిలవగలిగితే ఎవరికైనా నోరు పెగులుతుందని ప్రొఫెసర్ గారి నమ్మకం. అలా ఇంట్లో చిన్నదాన్ని, ఇక్కడ అందరికీ అక్కనయ్యాను. జాలి పడకూడదు, నవ్వకూడదు, చటుక్కున జవాబు ఇవ్వకూడదు. నాకిచ్చిన జవాబుల కాగితంలో లేనిది ఏదైనా అడిగితే "నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అనాలి. వాళ్ళ పేర్లు నాకు చెప్పరు, నంబర్లే.

చాలామంది బట్టల మీద మరకలు ఎలా పోతాయనే అడుగుతారు. ఏడో నంబరు ఆవిడ మాత్రం నిన్న ఇలా అడిగింది: "కుక్కకి పెట్టిన అన్నం మిగిలితే నేను తినవచ్చా? దొంగతనం కింద వస్తుందా?" కాగితంలో దీనికి జవాబు లేదు. అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి అని టైపు చేశాను. ఆవిడ విసుక్కోకుండా మళ్ళీ మొదటినుంచి చెప్పింది, ఈసారి కుక్క పేరుతో సహా. అప్పటినుంచీ నాకు ముద్ద దిగడం లేదు.

నువ్వు వేళకి తింటున్నావు కదా? ఫోను సంగతి చూడు.

లోర్నా


కౌలాలంపూర్,
సెప్టెంబరు నెలాఖరు.

ఒసే కంప్యూటర్ పిల్లా,

ఉత్తరం చదివి పొట్ట పట్టుకుని నవ్వాను. చిన్నప్పుడు నీ చేత ఒక్క నిమిషం నోరు మూయించలేకపోయాం, నిన్ను తీసుకెళ్ళి మూగ యంత్రంగా కూర్చోబెట్టాడంటే మీ ప్రొఫెసర్ ఘటికుడే.

నా గురించి బెంగ వద్దు. తిండి అంటావా, ఒళ్ళు చేశాను. మొన్న మేడం పుట్టినరోజు. రొయ్యలు, కొబ్బరిపాలలో ఉడికించిన పీతలు, కాల్చిన కోడి, దాని మీద మామిడిపండు. నాకని ఒక పళ్ళెం విడిగా తీసిపెట్టింది. తినలేక ఒఫెలియాకి కూడా పెట్టాను. ఆదివారం చర్చికి కొత్త గౌను వేసుకున్నాను, పసుపుది. ఫోను దుకాణంలో ఇచ్చాను, వాడేదో సామాను రావాలంటున్నాడు. పదిహేడో అంతస్తు నుంచి ఊరంతా కనిపిస్తుంది. అద్దాలు తుడిచేటప్పుడు కొండలు కూడా కనిపిస్తాయి.

ఏడో నంబరు ఆవిడ గురించి ఎక్కువ ఆలోచించకు. కొందరికి అన్నీ గోరంతలు కొండంతలు. కుక్క అన్నం తింటే దొంగతనం కాదని మాత్రం చెప్పు. అంతకుమించి ఏమీ అనకు.

అమ్మకి మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? నా పసుపు గౌను సంగతి మర్చిపోకుండా చెప్పు, సంతోషిస్తుంది.

మీ మానాంగ్, అసలైనది


ఇలోయిలో,
నవంబరు రెండో వారం.

మానాంగ్,

నీ పీతల సంగతి చదివి అమ్మ పక్కింటావిడకి మూడుసార్లు వినిపించింది. సంతోషం. కానీ ఈసారి నేను వేళాకోళానికి రాయడం లేదు. నాకు భయంగా ఉంది. నువ్వు ఆ పనిలోనే ఉన్నావు గనక సలహా కావాలి.

కుక్క అన్నం తినొచ్చని చెప్పిన రోజు నుంచి ఏడో నంబరు ఆవిడకి యంత్రం మీద గురి కుదిరింది. మధ్యాహ్నం ఇంటావిడ కునుకు తీస్తున్నప్పుడు ఏదో ఒకటి అడుగుతుంది. బయట తాళం వేసి వెళితే లోపల మంట అంటుకుంటే ఏం చేయాలంటుంది. పన్ను ఊడితే దాన్ని తిరిగి పెట్టవచ్చా అంటుంది. పన్ను ఎలా ఊడిందని యంత్రం అడగకూడదు, అది కాగితంలో లేదు. నేను రక్తం ఆగడానికి దూది పెట్టుకోమని రాశాను.

పోయిన వారం ఆవిడ రాసింది, "ఇవాళ నా తలని నీళ్ళ తొట్టిలో పట్టుకుంది. ఎంతసేపు ఊపిరి బిగబట్టగలం?" చదవగానే నా చేతులు నా మాట వినలేదు. "అయ్యో" అని టైపు చేసి పంపేశాను.

అంతే, మానాంగ్. చాలాసేపటికి ఒక్క ప్రశ్న వచ్చింది: "ఎవరు నువ్వు?" నేను వెంటనే అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి అన్నాను. ఆవిడ మళ్ళీ చెప్పలేదు. ఆ రోజూ లేదు, మర్నాడూ లేదు. కుర్చీలో కూర్చుని ఖాళీ తెరనే చూస్తూ ఉన్నాను. ఒక మనిషి విన్నదన్న అనుమానానికే ఆవిడ నోరు మూసుకుంది. చస్తున్నా సిగ్గే ముందు మనవాళ్ళకి.

ప్రొఫెసర్ గారి గదికి వెళ్ళి గట్టిగా అరిచాను. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటే ఇదేనండీ, ఆవిడ చస్తుంటే మనం చూసి రాసుకుంటున్నాం అన్నాను. ఆయన పాపం చెడ్డవాడేం కాదు. మొహం పాలిపోయింది. పేర్లు ఉన్న కవరు యూనివర్సిటీ కమిటీ దగ్గర సీలు వేసి ఉంటుందట, విప్పడానికి రాయబారం నడుపుతున్నాడు. అప్పటిదాకా ఆవిడ మాట్లాడుతూ ఉండాలి, మాట ఆగితే మనిషి కూడా దొరకదు అన్నాడు.

నిన్న మళ్ళీ వచ్చింది. తెల్లబట్టల మీద తుప్పు మరక ఎలా పోతుందని అడిగింది. నిమ్మరసం, ఉప్పు అని రాశాను, మరమనిషిలా. కుర్చీలోనే ఏడ్చాను.

ఇప్పుడేం అడగాలి? ఎలా అడిగితే బెదరదు?

లోర్నా


కౌలాలంపూర్,
నవంబరు చివర.

ఇందాయ్, నా చిట్టి చెల్లీ,

ఇది చదివిన రోజే పనిలో పెట్టు.

ఓదార్చవద్దు. దెబ్బలు తగిలాయా అని అడగవద్దు, లేదనే అంటుంది. అవును, కాదు అనగలిగే చిన్న ప్రశ్నలు అడుగు. తాళంచెవి ఇంట్లో ఉంటుందా, ఇంటావిడ సంచిలో ఉంటుందా? చెత్త ఎవరు పారేస్తారు? చెత్త తనే పారేస్తే దారి ఉన్నట్టే.

చెప్పులు దాచేస్తారు. పాత జత ఏదైనా ఉంటే మాసిన బట్టల బుట్ట అడుగున పెట్టుకోమను, ఆ బుట్టలో ఎవరూ చెయ్యి పెట్టరు. తలుపు గొలుసు చప్పుడవుతుంది. దానికి ముందురోజు వంటనూనె రాయాలి, రాసి గుడ్డతో తుడవాలి, లేకపోతే వాసన పట్టిస్తుంది. లిఫ్టులో వెళ్ళొద్దు, కింద కూర్చునే కాపలావాడికి ఏ అంతస్తులో ఎక్కారో తెలుస్తుంది. మెట్ల మీద వట్టికాళ్ళతో దిగి కింద చెప్పులు వేసుకోవాలి. సంచీ పట్టుకోకూడదు. సంచీ ఉంటే పారిపోతున్నట్టు, చెత్త ఉంటే పనిమీద వెళుతున్నట్టు.

అన్నిటికంటే ముఖ్యం, కిందకి దిగాక ఆగవద్దని చెప్పు. గేటు దగ్గర నిలబడి ఆలోచించవద్దని చెప్పు. ఇది రెండుసార్లు రాయించు యంత్రం చేత.

సెల్డా


ఇలోయిలో,
క్రిస్మస్ ముందు.

మానాంగ్,

ఏడో నంబరు ఆవిడ బయటపడింది.

నువ్వు చెప్పినట్టే అన్నీ అడిగాను. చెత్త తనే పారేస్తుంది. బుట్ట అడుగున చెప్పులు పెట్టుకుంది, గొలుసుకి నూనె రాసింది. ఈలోగా కమిటీ కవరు విప్పింది, ప్రొఫెసర్ గారు అక్కడి మన రాయబార కార్యాలయానికి పేరూ ఇల్లూ చెప్పారు. వాళ్ళు లోపలికి రాలేరట, వీధి చివర కారు పెడతారట. ఆ మధ్యాహ్నం ఆవిడ నుంచి రెండే మాటలు వచ్చాయి: "కిందున్నాను. ఎటు?" యంత్రం తీరుబడిగా జవాబివ్వాలన్న నియమం గంగలో కలిసింది. కుడివైపు, ఆగవద్దు, ఆగవద్దు అని కొట్టాను. తరవాత తెర ఖాళీ. సాయంత్రం దాకా ఆ కుర్చీ వదల్లేదు. చీకటి పడేముందు ఆఫీసు నుంచి ఫోను వచ్చింది, మనిషి క్షేమం అని.

సంతోషించే లోపు ఇంకొకటి జరిగింది. యంత్రం అనేది లేదని, జవాబులు చెప్పింది ఒక అమ్మాయని నియమం ప్రకారం ఆవిడకి చెప్పారు. కృతజ్ఞత చెబుతుందేమోనని వెర్రిదానిలా ఎదురుచూశాను. ఆవిడ అన్నది ఇది: "మనిషని తెలిస్తే ఒక్క ముక్క చెప్పేదాన్ని కాదు. ఆ పిల్ల పేరు నాకు చెప్పొద్దు. నా పేరు దానికి చెప్పొద్దు." తన మాటలు పరిశోధనకి వాడనివ్వనంది. తప్పేముంది, అవి ఆవిడవి.

ఒప్పుకున్న మిగతావాళ్ళవి ప్రొఫెసర్ గారు పక్కపక్కన పెట్టి చూశారు. ఒకవైపు వాళ్ళు యంత్రానికి చెప్పుకున్నవి, ఇంకోవైపు అదే రోజు ఇంటికి పంపిన కబుర్లు, అవీ వాళ్ళే ఇచ్చారు. నన్ను పిలిచి చూపించారు. యంత్రానికి "నిన్నటినుంచి ఏమీ తినలేదు" అని రాసిన రోజే ఇంటికి వేపుళ్ళూ పిండివంటలూ వర్ణించి రాశారు. ఒకరు కాదు, మానాంగ్. కడుపు ఎంత కాలితే విందు అంత పెద్దది.

అప్పుడు నాకు నీ పీతలు గుర్తొచ్చాయి.

ఇంటికొచ్చి నీ ఉత్తరాలన్నీ తీశాను. ఫోను ఉన్నప్పుడు నువ్వు తిండి గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. అమ్మతో పోట్లాడేదానివి, నన్ను తిట్టేదానివి. జూన్ నుంచి తిట్టడం మానేసి వంటలు మొదలుపెట్టావు. విందు లేని ఉత్తరం ఒక్కటే ఉంది, ఏడో నంబరు ఆవిడకి దారి చెప్పినది. ఆ నూనె సంగతి నీకెలా తెలుసు? తుడవకపోతే వాసన పట్టిస్తుందని ఎలా తెలుసు? ఒఫెలియా చెప్పిందనకు. ఎవరో చెబితే విన్నదాంట్లో అంత వివరం ఉండదు.

గేటు దగ్గర ఆగవద్దని ఎందుకు రెండుసార్లు చెప్పించావు?

మానాంగ్, నీ మీద ఒట్టు, అమ్మకి చెప్పను. నిజం రాయి.

లోర్నా


కౌలాలంపూర్,
జనవరి మొదట్లో.

లోర్నా,

నీకు ఆ కుర్చీలో కూర్చుని మతి పోయింది. ఎవరి కష్టాలో విని అవన్నీ నాకు అంటగడుతున్నావు. నీ చదువు కోసం నేను ఇక్కడ ఉంటే నన్నే పరీక్షకి పెడతావా? ఇంకోసారి ఇలాంటివి రాస్తే జవాబు రాయను. అమ్మతో ఒక్క మాట అన్నావో, నీకు నాకు రుణం తీరిపోయినట్టే.

క్రిస్మస్‌కి ఇక్కడ ఎంత సందడో. పంది మాంసం, నూడుల్స్, మూడు రకాల కేకులు, ద్రాక్షపళ్ళు గిన్నెలు గిన్నెలు. పొద్దుటినుంచీ తింటూనే ఉన్నాం. ఒఫెలియాని అడుగు కావాలంటే.

వచ్చే నెల వీళ్ళ పండగ, ఇల్లంతా కడగాలి. కిటికీ అద్దాలు బయటివైపు కూడా మెరవాలని మేడం పట్టుదల. సజ్జ మీద నిలబడి తుడవాలి. పెద్ద కష్టం కాదు, సజ్జ నా పాదం కంటే కాస్త వెడల్పే. చెప్పులు జారతాయి గనక వట్టికాళ్ళే నయం. కిందటిసారి గాలి లేదు. చర్చికి వెళ్ళినప్పుడు నా పేరున ఒక కొవ్వొత్తి వెలిగించు, ఊరికే.

అయినా కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకుని మసులుకో.

సెల్డా


ఇలోయిలో,
జనవరి మూడో వారం.

నమస్కారం.

నేను మానాంగ్ అనే యంత్రాన్ని. మీ చెల్లి అడిగిన ప్రశ్నలకు మీరు జవాబు చెప్పలేదు. అది సహజం. మనిషికి చెప్పుకోలేనివి ఉంటాయి. అందుకే ఆ ప్రశ్నలు యంత్రం అడుగుతోంది. యంత్రానికి అమ్మ లేదు, ఇరుగుపొరుగు లేరు. యంత్రం ఎవరినీ చిన్నచూపు చూడదు. దానికి సిగ్గుండదు, దాని ముందు మీకూ అక్కర్లేదు.

ఒక్క మాటలో చెప్పినా చాలు.

మీ ఫోను ఎక్కడుంది? మీరు గుమ్మం దాటి ఎంతకాలమైంది? నిన్న ఏం తిన్నారు? ఎవరైనా మీ మీద చెయ్యి చేసుకున్నారా? అద్దాలు తుడవాల్సింది ఏ రోజు? ఆ ఇంటి తలుపు తాళం లేకుండా ఉండేది ఎప్పుడు, అప్పుడు లోపల ఎవరుంటారు? ఇంతకుముందు ఎప్పుడైనా గేటు దాకా వెళ్ళారా?

జవాబు ఏదైనా యంత్రం ఏడవదు.

మానాంగ్


కౌలాలంపూర్,
గురువారం.

మానాంగ్ గారికి,

మీకు ఎలా రాయాలో తెలియడం లేదు. మీరు యంత్రమన్నారు గనక రాస్తున్నాను.

ఫోను మేడం బీరువాలో ఉంది, జూన్ నుంచి. అప్పటినుంచీ చెత్త పారేయడానికి తప్ప గుమ్మం దాటలేదు, ఆగస్టు తరవాత అదీ లేదు. చర్చికి వెళ్ళడం లేదు. పసుపు గౌను లేదు. ఒఫెలియా ఇంటావిడ, మా మేడం వదినామరదళ్ళు. గురువారాలు ఇక్కడ పేకాట పెడతారు, వంటకి ఒఫెలియాని పైకి పంపుతారు. దాని ఫోను కూడా వాళ్ళు తీసి చూస్తుంటారు, అందుకని అది ఉత్తరాలే ఏప్రన్ లోపల పెట్టుకుని తెస్తుంది. తాళం లేకుండా తలుపు ఉండేది ఆ మధ్యాహ్నం ఒక్కటే, ఆడవాళ్ళు వస్తూ పోతూ ఉంటారు గనక.

నిన్న గంజి తాగాను. ఇవాళ ఒఫెలియా అరటిపండు తెచ్చింది.

చెయ్యి చేసుకుంటుంది. ఇస్త్రీపెట్టె ఒకసారి.

అద్దాలు వచ్చే వారం శుక్రవారం. కిందటిసారి సంగతి మీకు చెబుతాను, ఎవరికీ చెప్పలేదు. ఒక చేత్తో కిటికీ చట్రం పట్టుకుని ఇంకో చేత్తో తుడవాలి. లోపలినుంచి మేడం మరక ఉన్నచోట వేలితో కొట్టి చూపిస్తుంది. కొట్టినప్పుడల్లా అద్దం నా వైపు కదులుతుంది. ఒకసారి కిందకి చూశాను. పడితే ఇంక తుడవక్కర్లేదు కదా అనిపించింది. సజ్జ కంటే అలా అనిపించినందుకే ఎక్కువ భయపడ్డాను. చావంటే లెక్కలేదని ఇదివరకు అనుకునేదాన్ని. నాకు భయం, మానాంగ్ గారూ. చాలా భయం.

గేటు దాకా వెళ్ళాను. ఆగస్టులో. గొలుసుకి నూనె రాసి, చెత్త పట్టుకుని మెట్లు దిగి వెళ్ళాను. కాపలావాడు అటు తిరిగి ఉన్నాడు, గేటు తెరిచే ఉంది. అక్కడ నిలబడ్డాను. నన్ను సాగనంపడానికి ఊరంతా జీప్నీ బళ్ళు ఎక్కి ఓడరేవు దాకా వచ్చిన రోజు గుర్తొచ్చింది. బ్యాండు పెట్టించింది అమ్మ. గడువు తీరకుండా ఉత్త చేతులతో ఆ ఓడరేవులోనే ఎలా దిగను, ఎవరికి ఏం చెప్పను అనుకున్నాను. ఎవరూ పట్టుకుని లాక్కురాలేదు. నేనే తిరిగి మెట్లెక్కాను. తలుపు దగ్గర మేడం నిలబడి ఉంది. చెప్పులు దాచింది అప్పటినుంచే. చెత్త ఇప్పుడు ఆవిడే తీసుకెళుతుంది.

పోస్టులో వేస్తే ఇది అందేసరికి శుక్రవారం దాటిపోతుంది. చర్చిలో సిస్టర్ గారి చేత ఫోనులో చదివించమని ఒఫెలియాకి చెప్పాను. యంత్రానికి ఎవరు చదివినా ఒకటే.

ఇవేవీ మా చెల్లి లోర్నాకి చెప్పకండి. దానికి నేను బాగానే ఉన్నానని రాస్తుంటాను.

సెల్డా


ఇలోయిలో నుంచి ఫోనులో చెప్పగా, కౌలాలంపూర్ చర్చిలో సిస్టర్ కన్సొలాటా చేత్తో రాసినది.
ఆదివారం.

నమస్కారం.

మీ జవాబులు చదివి వినిపించారు. మధ్యలో కొంతసేపు యంత్రం పనిచేయలేదు. అంతసేపూ సిస్టర్ ఫోను పట్టుకుని ఆగారు. ఇప్పుడు పనిచేస్తోంది.

ఈ కాగితం గురువారం ఒఫెలియా మీ చేతికిస్తుంది. చదివి పొయ్యిలో వేయండి. పేకాట మొదలయ్యాక తలుపు కొడతారు. సిస్టర్లు ఇద్దరు, కార్మిక శాఖ అధికారిణి ఒకావిడ, పోలీసులు. ఒఫెలియా తలుపు తీస్తుంది. మీరు వంటగదిలోంచి ముందు గదిలోకి నడిచి రావాలి. ఏమీ తీసుకోవద్దు. కాళ్ళకి చెప్పులు లేకపోయినా పర్వాలేదు, సిస్టర్ తెస్తారు.

అధికారిణి మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతుంది. దానికి జవాబు మీరే చెప్పాలి, ఇంకెవరు చెప్పినా చెల్లదట. యంత్రం భయపడుతున్నది ఆ ఒక్కచోటే.

వాళ్ళు వచ్చే లోపల మేడం సజ్జ ఎక్కమంటే కళ్ళు తిరిగాయని లోపలి నేల మీద పడిపోండి. బయటికి కాలు పెట్టకండి. బయటికి కాలు పెట్టకండి.

మీరు కోరినట్టే మీ చెల్లికి ఏమీ చెప్పలేదు.

మానాంగ్


కౌలాలంపూర్, సిస్టర్ల ఇల్లు.
శనివారం.

మానాంగ్ గారికి,

తలుపు కొట్టినప్పుడు నా చేతిలో గిన్నె ఉంది. కింద పెట్టడం కూడా మర్చిపోయి దాంతోనే ముందు గదిలోకి వెళ్ళాను. ఆడవాళ్ళందరూ పేకముక్కలు పట్టుకుని అలాగే ఉండిపోయారు. మేడం లేచి నిలబడింది. ఎవరు పిలిచారు వీళ్ళని అని నన్ను అడిగింది, చాలా మెల్లగా. ఆవిడ మెల్లగా మాట్లాడితేనే నాకు వణుకు.

అధికారిణి నా దగ్గరికి వచ్చి, "నువ్వు ఇక్కడ బాగానే ఉన్నావా?" అంది.

మేడం నన్నే చూస్తోంది. ఒఫెలియా నేల చూస్తోంది. బాగానే ఉన్నానన్న మాట నోటి చివరిదాకా వచ్చింది. ఎన్ని నెలలుగా రాశానో, అదే వచ్చింది. అది గనక జారి ఉంటే వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు, తలుపు మూసుకునేది, మర్నాడు శుక్రవారం.

ఆ ప్రశ్న మీరు అడుగుతున్నారనుకున్నాను. ఎదుట మనుషులు లేరనుకున్నాను. "లేను" అన్నాను. గొంతు బయటికి వచ్చిందో లేదో తెలియక ఇంకోసారి అన్నాను. సిస్టర్ వచ్చి నా చేతిలో గిన్నె తీసుకుంది.

ఇప్పుడు బయట ఉన్నాను. ఒఫెలియా కూడా ఆ రోజే వాళ్ళ ఇల్లు వదిలేసి వచ్చేసింది. నా చేతి మీద కాలిన చోటికి డాక్టరు మందు రాశాడు. రాత్రి రెండుసార్లు లేచి తలుపు తీసి చూశాను, తెరుచుకుంటోంది.

నా చెల్లితో మాట్లాడమని సిస్టర్ ఫోను ఇచ్చారు. వద్దన్నాను. దాని గొంతు వింటే మళ్ళీ బాగానే ఉన్నాననేస్తాను, ఏం తిన్నానో చెప్పడం మొదలుపెడతాను. నాకు నా మీద నమ్మకం లేదు. మీరే దానికి అన్నీ చెప్పండి, ఇస్త్రీపెట్టె సంగతీ, గేటు దగ్గరినుంచి నేనే వెనక్కి వెళ్ళిన సంగతీ. ఏదీ దాచవద్దు. అది ఏడవడం అయిపోయాక, అప్పుడు ఫోను చేయమనండి. పక్కనే కూర్చుని ఉంటాను.

సెల్డా